పంపే నతీజా, దాచే నతీజా

2024 సెప్టెంబర్‌లో ఒకరోజు ఫజర్ నమాజ్ చదివి ఫోన్ చూస్తే, చికాగోలో ఉండే ఆపా నుంచి పదకొండు మిస్డ్ కాల్స్. గుండె గుభేలుమంది. పరదేశంలో ఉన్నవాళ్లు అన్నిసార్లు ఫోన్ చేశారంటే ఎవరికైనా మొదట వచ్చే ఖయాల్ ఒక్కటే. వణుకుతున్న చేత్తోనే తిరిగి చేశాను. "సబ్ ఖైరియత్?" అన్నాను. "ఖైరియత్ ఎక్కడిది రా, మీ దుల్హాభాయ్, పిల్లా మూడు రోజులుగా మాట్లాడుకోవడం లేదు" అంది. తగాదా పిల్ల పరీక్ష స్కోర్ల గురించి. తక్కువొచ్చాయని కాదు. వచ్చినవాటిలో కాలేజీలకు ఏవి పంపాలి, ఏవి పంపకూడదు అని.

మన ఇళ్లలో ఇలాంటి తగాదా పుట్టదు. ఇక్కడ ఎంసెట్ రాస్తే ర్యాంకు నీడలా మన వెంటే వస్తుంది. దాన్ని చూపించాలా దాచాలా అనే ఇఖ్తియార్ మనకు లేదు. జేఈఈ మెయిన్ ఏడాదికి ఒకటి కంటే ఎక్కువసార్లు రాసుకోవచ్చు గానీ, అందులో మంచి స్కోరేదో వాళ్లే ఏరి ర్యాంకు వేస్తారు. అమెరికాలో శాట్ సంగతి వేరు. చదవడం-రాయడం కలిపి 800, లెక్కలు 800, మొత్తం 1600. మళ్లీ మళ్లీ రాసుకోవచ్చు. ఏ తేదీన రాసిన స్కోరు ఏ కాలేజీకి వెళ్లాలో పిల్లలే చెప్పి పంపించుకోవాలి.

మా భాంజీ రెండుసార్లు రాసింది. అప్పట్లో ఇల్లినాయ్ రాష్ట్రంలో పదకొండో తరగతి పిల్లలకు బడిలోనే శాట్ పెట్టేవారు. అది రంజాన్‌లో పడింది. పిల్ల రోజా ఉండి రాసింది. చదవడం-రాయడంలో 690 వచ్చింది. లెక్కలు చివర్న వస్తాయి, అప్పటికి కళ్లు తిరిగాయట, 620. మొత్తం 1310. ఆగస్టులో మళ్లీ రాస్తే లెక్కలు 720కి ఎక్కాయి, మొదటి భాగం 650కి దిగింది. మొత్తం 1370.

దుల్హాభాయ్ మాట: "రెండూ పంపాలి. ఒకటి చూపించి ఒకటి దాచడం ఖియానత్. పైగా అది రోజాలో రాసిన ఇమ్తెహాన్, దానికి షరమ్ దేనికి?" ఆపా మాట: "1370 ఒక్కటి చాలు. మెహమాన్ వస్తే దివాన్‌ఖానా చూపిస్తాం గానీ స్టోర్ రూమ్ తెరిచి చూపిస్తామా?" పిల్ల మాట: "ఏదీ పంపను మామూ. ఇప్పుడది ఆప్షనల్."

నేను అఖ్బార్‌వాలాని కాబట్టి నాకన్నీ తెలుసని మావాళ్ల నమ్మకం. నిజానికి నాకేమీ తెలియదు. రెండు రోజులు టైమ్ అడిగి చదవడం మొదలుపెట్టాను. ఉర్దూలో తేదీనీ తారీఖ్ అంటాం, చరిత్రనీ తారీఖ్ అంటాం. ఏ తారీఖు నతీజా పంపాలి అన్న సవాల్ వెనుక నూట పాతికేళ్ల తారీఖ్ ఉందని అప్పుడే తెలిసింది.

ఒకప్పుడు అమెరికాలో ఏ కాలేజీ పరీక్ష దానిదే. ఒకరు లాటిన్‌లో ఈ పుస్తకం చదివి రమ్మంటే ఇంకొకరు ఆ పుస్తకం అనేవారు. బడుల్లో ఉస్తాద్‌లు ఏది చెప్పాలో తెలియక తలపట్టుకునేవారు. ఆ గందరగోళం తగ్గించడానికి 1900లో కొన్ని కాలేజీలు కలిసి కాలేజ్ బోర్డ్ పెట్టుకున్నాయి. 1901 జూన్‌లో మొదటి పరీక్ష జరిగితే రాసినవాళ్లు 973 మంది. లాటిన్, గ్రీకు, చరిత్ర, లెక్కలు, అన్నీ వ్యాసాలే. మదరసా చదువులో ఉస్తాద్ ఎదురుగా కూర్చోబెట్టుకుని విని ఇజాజత్ ఇచ్చే పద్ధతికి ఇది దూరమే గానీ, కనీసం ఒక మనిషి రాసింది ఇంకో మనిషి చదివేవాడు.

తర్వాత వచ్చింది సైన్యం. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా దాదాపు 17 లక్షల మంది సిపాయిలకు తెలివి కొలిచే పరీక్షలు పెట్టింది. ఆ లెక్కల్ని తీసుకుని ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ కార్ల్ బ్రిగమ్ 1923లో ఒక కితాబ్ రాశాడు. ఉత్తర యూరప్ నస్ల్ వాళ్లు తెలివైనవాళ్లనీ, దక్షిణ, తూర్పు యూరప్ నుంచి వచ్చేవాళ్లూ, నల్లవాళ్లూ తక్కువవాళ్లనీ, వీళ్ల వల్ల అమెరికా తెలివి పలచబడిపోతోందనీ దాని సారాంశం. ఆ మరుసటి ఏడాదే, 1924లో, అమెరికా వలసల మీద గట్టి చట్టం తెచ్చింది. ఆ చట్టం ఒక్క కితాబ్ వల్ల రాలేదు, కానీ గాలి అటే వీస్తోంది. మన దేశం వాళ్లకైతే 1917 చట్టంతోనే తలుపు మూసుకుంది. అది సరిగ్గా తెరుచుకున్నది 1965లో. చికాగో డెవాన్ అవెన్యూలో ఈరోజు హైదరాబాదీ హోటళ్లున్నాయంటే, మా దుల్హాభాయ్ అక్కడ ఇల్లు కట్టుకున్నాడంటే, ఆ 1965 చట్టం పుణ్యమే.

ఆ బ్రిగమ్ చేతికే కాలేజ్ బోర్డ్ కొత్త పరీక్ష తయారుచేసే పని అప్పగించింది. 1926 జూన్ 23న మొదటి శాట్. రాసినవాళ్లు సుమారు 8,000 మంది. 97 నిమిషాల్లో 315 ప్రశ్నలు! నిమిషానికి మూడుకు పైగా. మా భాంజీకి ఈ లెక్క చెబితే "యా అల్లాహ్" అంది.

బ్రిగమ్ గురించి ఇంకొక మాట చెప్పకపోతే నాఇన్సాఫీ అవుతుంది. 1930లో అతను తన కితాబ్ తప్పని తానే రాశాడు. వేరే భాషల ఇళ్లలో పెరిగినవాళ్లను ఇంగ్లీషు పరీక్షతో కొలిచి, దాన్ని నస్ల్ తెలివి అనడానికి పునాదే లేదని ఒప్పుకున్నాడు. ఆలిములు తౌబాకు పెట్టే షరతుల్లో గలతీ ఒప్పుకోవడం, మానేయడం, జరిగిన నష్టాన్ని సరిచేయడం ఉన్నాయి. బ్రిగమ్ మొదటి రెండూ చేశాడు. మూడోది అతని చేతుల్లో లేదు. చట్టం చట్టంగానే ఉంది, పరీక్ష పరీక్షగానే పెరిగింది. ఉర్దూ మీడియంలో చదివి, ఇంటర్‌లో ఒక్కసారిగా వేరే భాషలో ప్రశ్నాపత్రం చూసినవాడిగా, అతను 1930లో ఒప్పుకున్న ఆ ముక్క నాకు చదవగానే అర్థమైంది. ప్రశ్న రాదు కాబట్టి కాదు, ప్రశ్నలో మాట రాదు కాబట్టి తెల్లకాగితం ఇచ్చి వచ్చిన పిల్లలు మా క్లాసులో ఎంతమందో.

1933లో హార్వర్డ్ అధ్యక్షుడైన జేమ్స్ కోనంట్‌కు ఈ పరీక్షలో వేరేది కనిపించింది. హార్వర్డ్ అప్పటికి అమీర్ ఖాందాన్ల పిల్లల అడ్డా. ఎక్కడో మారుమూల ఊళ్లలోని తెలివైన గరీబ్ పిల్లల్ని వెతికి స్కాలర్‌షిప్ ఇవ్వడానికి ఏదైనా కొలబద్ద కావాలి అన్నాడు. ఆయన దగ్గర పనిచేసే హెన్రీ చాన్సీ శాట్‌ను తెచ్చి చూపించాడు. యుద్ధం వచ్చి 1942లో పాత వ్యాసాల పరీక్ష ఎత్తేశాక శాటే మిగిలింది. 1947లో ఈటీఎస్ అనే సంస్థ పెట్టారు, చాన్సీ దానికి మొదటి అధ్యక్షుడు. తూర్పు యూరప్ వాళ్లను తక్కువ చేసిన చేతి నుంచి పుట్టిన పరీక్ష, యూదుల పిల్లలకూ కార్మికుల పిల్లలకూ పెద్ద కాలేజీల గేటు తెరిచే తాళంచెవి కూడా అయింది. ఈ రెండు సంగతుల్లో ఏ ఒక్కటి చెప్పి ఇంకొకటి దాచినా తారీఖ్ అబద్ధమవుతుంది.

ఇక్కడ నన్ను ఆపేసిన సంగతి ఒకటుంది. 1950ల చివరి దాకా శాట్ రాసిన పిల్లలకు వాళ్ల స్కోరు చెప్పేవారు కాదు! నంబర్ బడికి వెళ్లేది, కాలేజీకి వెళ్లేది. రాసినవాడికి తప్ప అందరికీ తెలిసేది. పిల్లలు తట్టుకోలేరనీ, తప్పుగా అర్థం చేసుకుంటారనీ పెద్దల వాదన. ఏ స్కోరు పంపాలి అన్న మాటే పుట్టని కాలం అది. ఆ నంబర్ పిల్లవాడిది కాదు, సంస్థది. పిల్లవాడు దాని గురించి మాత్రమే.

అక్కడి నుంచి ఇఖ్తియార్ ఒక్కో మెట్టూ కిందికి దిగుతూ వచ్చింది. మొదట సొంత స్కోరు చూసుకునే హక్. తర్వాత 1979లో న్యూయార్క్ రాష్ట్రంలో కెనెత్ లావాల్ అనే సెనేటర్ తెచ్చిన చట్టం: పరీక్ష అయ్యాక ప్రశ్నలూ జవాబులూ చూపించాల్సిందే. పరీక్షలు పెట్టేవాళ్లు గట్టిగా అడ్డుపడ్డారు, కానీ చట్టం నిలిచింది. నతీజా వెంటనే కనిపించింది. 1980లో జరిగిన పీశాట్‌లో ఒక లెక్క ఉంది. చతురస్రం అడుగున్న ఒక పిరమిడ్‌కు, త్రిభుజాలే ఉన్న ఇంకో పిరమిడ్‌ను ఒక ముఖానికి ముఖం అతికిస్తే బయటికి ఎన్ని ముఖాలు కనిపిస్తాయి? పరీక్షవాళ్ల జవాబు ఏడు. ఫ్లోరిడాలో పదిహేడేళ్ల కుర్రాడు ఐదు అని రాశాడు. అతికించినప్పుడు పక్క ముఖాలు రెండు జతలుగా ఒకే చదునులో కలిసిపోతాయి, కాబట్టి ఐదే. కుర్రాడిదే సరైనదని ఒప్పుకుని, 1981లో లక్షలమంది స్కోర్లు సరిచేయాల్సి వచ్చింది. ప్రశ్నాపత్రం పర్దాలోనే ఉండి ఉంటే ఆ కుర్రాడు తప్పు చేసినవాడిగానే మిగిలేవాడు.

ఈలోగా ట్యూషన్ బజార్ మొదలైంది. బ్రూక్లిన్‌లో స్టాన్లీ కాప్లాన్ అనే ఆయన 1946లో శాట్‌కు పిల్లల్ని తయారుచేయడం మొదలుపెట్టాడు. ఈ పరీక్షకు కోచింగ్‌తో లాభం లేదని కాలేజ్ బోర్డ్ ఏళ్ల తరబడి చెబుతూనే ఉంది, ఆయన దగ్గరికి పిల్లలు వస్తూనే ఉన్నారు. దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట చూసినవాళ్లకు ఈ కథ విడమరచి చెప్పక్కర్లేదు.

మళ్లీ మళ్లీ రాయడం పెరిగింది. కానీ చాలాకాలం శాట్ స్కోర్లు మూటగా వెళ్లేవి. మూడుసార్లు రాస్తే మూడూ కాలేజీ బల్ల మీద పడేవి. దీని పోటీదారు ఏసీటీ, 1959లో అయోవాలో పుట్టింది, పిల్లలు అడిగిన తేదీ స్కోరే పంపేది. కాలేజ్ బోర్డ్ 1990లలో సబ్జెక్ట్ పరీక్షలకు మాత్రం స్కోర్ ఛాయిస్ అని ఒకటి పెట్టి, 2002లో ఎత్తేసింది. తర్వాత 2008 జూన్‌లో మాట మార్చింది. 2009 మార్చి పరీక్ష నుంచి శాట్ రాసేవాళ్లు కూడా ఏ తేదీ స్కోరు పంపాలో తామే ఎంచుకోవచ్చు అంది. పిల్లల మీద ఒత్తిడి తగ్గించడానికి అని చెప్పారు. ఏసీటీకి గిరాకీ పెరుగుతోంది కాబట్టి అని విమర్శకులు అన్నారు. రెండూ నిజమై ఉండొచ్చు. దుకాణ్‌దార్ రాయితీ ఇచ్చినంత మాత్రాన అది రాయితీ కాకుండా పోదు.

షరతులు మాత్రం ఉన్నాయి. ఒక తేదీ స్కోరు పంపితే ఆ తేదీది మొత్తం వెళ్తుంది. మార్చిలో మంచిది, ఆగస్టులో మంచిది కోసి కుట్టి పంపడం కుదరదు. ఆ కుట్టుపని కాలేజీవాళ్లే చేస్తారు, చేసేవాళ్లుంటే. రెండు తేదీలూ తీసుకుని ఏ భాగంలో ఏది ఎక్కువో దాన్ని లెక్కేస్తారు. దీన్ని సూపర్‌స్కోర్ అంటారు. మా పిల్ల లెక్కలో అది 690, 720 కలిపి 1410. ఆపా చెప్పినట్టు 1370 ఒక్కటే పంపితే ఈ 1410 పుట్టనే పుట్టదు! రోజాలో రాసిన ఆ 690 పెట్టెలోనే ఉండిపోతుంది. ఈ ముక్క చెప్పగానే ఫోన్‌లో అటువైపు కాసేపు ఖామోషీ.

దుల్హాభాయ్ అడిగిన ఖియానత్ సవాల్‌కు కూడా ఈ తారీఖ్‌లోనే జవాబు దొరికింది. స్కోర్ ఛాయిస్ వచ్చిన కొత్తలోనే స్టాన్‌ఫర్డ్ లాంటి కొన్ని కాలేజీలు, మాకు మాత్రం అన్నీ పంపాలి అన్నాయి. జార్జ్‌టౌన్ ఇప్పటికీ అలాగే అడుగుతుంది. పంపకపోతే కాలేజ్ బోర్డ్ పట్టుకుని ఆపదు. పిల్లల ఈమాన్‌దారీ మీద వదిలేస్తుంది. అన్నీ చూపించమని అడిగినచోట ఒకటి దాస్తే అది ఖియానత్, అందులో రెండో మాట లేదు. అడగనిచోట, నీకిష్టమైంది పంపు అని వాళ్లే హక్ ఇచ్చినచోట, తక్కువది పంపకపోవడం పర్దాపోషీ. అల్లాహ్ పేర్లలో సత్తార్ అని కూడా పిలుచుకుంటాం కదా, మన లోపాల మీద పర్దా కప్పేవాడు అని. హష్ర్ మైదానంలో మాత్రం స్కోర్ ఛాయిస్ ఉండదు, నామా-ఎ-ఆమాల్ మూటగానే తెరుస్తారు అన్నాను. దుల్హాభాయ్ నవ్వాడు. ఆ మూడు రోజుల్లో అదే మొదటి నవ్వు అని ఆపా తర్వాత చెప్పింది.

ఇఖ్తియార్‌కు ఖర్చు ఉంటుంది. శాట్ రాసినప్పుడు నాలుగు కాలేజీలకు స్కోరు ముఫ్త్‌గా పంపుతారు. కానీ ఆ కాలేజీల పేర్లు పరీక్షయిన తొమ్మిది రోజుల్లోపు చెప్పాలి. అంటే స్కోరు చూడకముందే! చూసుకుని, ఆలోచించుకుని పంపుతానంటే ఒక్కో కాలేజీకి పన్నెండు డాలర్లకు పైనే కట్టాలి. కళ్లు మూసుకుంటే ముఫ్త్, కళ్లు తెరిస్తే పైసా. బాగా గరీబ్ కుటుంబాల పిల్లలకు ఫీజు మాఫీ ఉంది, దాంతో రిపోర్టులూ ముఫ్తే. ఆ గీతకు కాస్త పైన ఉండే మావాళ్ల లాంటివాళ్లకే ఇబ్బంది.

ఇక భాంజీ మాట, ఏదీ పంపను అన్నది. ఈ దారి 1969లో మెయిన్ రాష్ట్రంలోని బౌడన్ అనే చిన్న కాలేజీ తెరిచింది, స్కోరు ఇవ్వడం మీ ఇష్టం అని. యాభై ఏళ్లు అది కొన్ని కాలేజీల పద్ధతిగానే నడిచింది. 2020లో కోవిడ్ వచ్చి పరీక్షా కేంద్రాలు మూతపడ్డాక దాదాపు అందరూ అదే దారి పట్టారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమైతే స్కోరు పంపినా చూడం అని తేల్చేసింది. ఎంఐటీ మాత్రం మళ్లీ స్కోరు కావాలని 2022లోనే వెనక్కి తిరిగింది.

2024 ఫిబ్రవరిలో డార్ట్‌మత్ కూడా తిరిగింది. ఎందుకు తిరిగిందో చదివాక నాకు నిద్ర పట్టలేదు. వాళ్ల ప్రొఫెసర్లే స్కోరు ఇష్టమైతేనే పంపండి అన్న ఏళ్ల దరఖాస్తులు తీసి చూశారు. 1400లలో స్కోర్లు వచ్చిన, కష్టాల నేపథ్యం నుంచి వచ్చిన పిల్లలు వందల మంది ఆ స్కోర్లు దాచేశారు. ఆ కాలేజీలో సగటు ఇంకా పైన ఉంటుంది కాబట్టి మాది తక్కువ అనుకున్నారు. కానీ దరఖాస్తులు చూసేవాళ్లు పిల్లవాడు ఏ బడి నుంచి, ఏ బస్తీ నుంచి వచ్చాడో కూడా చూస్తారు. ఆ బడిలో 1400 అంటే చాలా పెద్ద సంగతి. పంపి ఉంటే సీటు వచ్చే అవకాశం పెరిగేది. షరమ్‌తో దాచుకున్నారు. ఎవరూ వాళ్లకు చెప్పలేదు.

అమీర్ ఇంటి పిల్లకు ఈ ఫైసలా చేసి పెట్టడానికి గంటకు ఇంత అని తీసుకునే కౌన్సిలర్లు ఉన్నారు. ఏది పంపాలి, ఏది ఆపాలి, ఎప్పుడు మళ్లీ రాయాలి, అంతా వాళ్ల చేతిలో. మన పిల్లకు ఉన్నది కర్నూలులో కూర్చున్న మామూ. ఇఖ్తియార్ ఇద్దరికీ సమానంగానే ఇచ్చారు, మాలూమాత్ మాత్రం ఒకరికే ఉంది. అలాంటప్పుడు ఇచ్చిన ఇఖ్తియారే గరీబ్ పిల్లల మెడకు చుట్టుకుంటుంది. స్కోర్లు మూటగా వెళ్లిన రోజుల్లో కనీసం ఈ పొరపాటుకు చోటు లేదు. ఇలా అంటే నేను పాత పద్ధతిని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. పిల్లవాడికి సొంత నంబర్ చెప్పని రోజులు మళ్లీ ఎవరికీ వద్దు.

రెండు రోజుల తర్వాత వీడియో కాల్‌లో నలుగురం కూర్చున్నాం. పిల్ల కాలేజీల జాబితా తీసింది, తొమ్మిది ఉన్నాయి. ఒక్కోదాని నియమం చదివి పక్కన రాసుకుంది. జార్జ్‌టౌన్‌కు రెండూ, అక్కడ బహస్ లేదు. ఏ భాగంలో ఏది ఎక్కువో చూస్తామన్నవాటికి కూడా రెండూ. కాలిఫోర్నియాది ఒకటుంది, అక్కడ ఎలాగూ చూడరు. రాష్ట్రంలోని ఒకదాని దగ్గర ఆగింది. "అక్కడ చేరినవాళ్ల స్కోర్లు నాకంటే ఎక్కువున్నాయి మామూ, పంపను" అంది. డార్ట్‌మత్ సంగతి చెప్పాను. వింది. "మా బడిలో ఎంత వస్తే ఎక్కువో వాళ్లకెలా తెలుస్తుంది?" అని అడిగింది. బడి వివరాలు దరఖాస్తుతో పాటు వెళ్తాయని చెప్పాను. "సోచుంగీ" అంది.

తర్వాత, "సరే, మీ స్కోరెంత మామూ?" అంది.

నా పదో తరగతి మెమోలో మార్చి అని ఉండాల్సిన చోట వేరే నెల ఉంటుంది. లెక్కల్లో తప్పి, సప్లిమెంటరీలో 38తో గట్టెక్కాను. డిగ్రీలో తెలుగు తీసుకున్నప్పుడు దరఖాస్తు తీసుకున్న క్లర్క్ ఆ నెల మీద వేలు పెట్టి పక్కాయనకు చూపించాడు. అప్పటి నుంచి ఎక్కడ మెమో ఇవ్వాల్సి వచ్చినా, ఆ మూల కనబడకుండా మడిచి ఇవ్వడం అలవాటైంది. నా పెళ్లాం పిల్లలు కూడా దాన్ని పూర్తిగా తెరిచి చూసి ఉండరు.

బీరువా తీసి, మడత విప్పి, ఫోటో తీసి పంపాను. నీలం టిక్కులు పడ్డాయి. చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత ఆపా ఫోన్ నుంచి మెసేజ్: "ఇది అబ్బాకి తెలుసా?" దాని కింద పిల్లది: "తొమ్మిదికీ పంపేస్తున్నా. అబ్బా కార్డ్ నంబర్ ఇచ్చారు."